కాళ్ళ కింద దూది

కాదు, ఇది రాయకూడదు, అంకె తక్కువుంది, నాకు కనబడుతూనే ఉంది, రక్తంలో బీ ట్వెల్వ్ ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు, కానీ డాక్టరు ఎక్కడా లోపం అన్న మాట రాయలేదు, డాక్టరు రాయనిది కోడరు రాయకూడదు, ట్రైనింగులో మొట్టమొదట నేర్పింది ఇదే, నజ్మా, నువ్వు చదివేదానివి గానీ కనిపెట్టేదానివి కాదు, జబ్బు పేరు డాక్టరు చెప్తాడు, ఆ పేరుకు నువ్వు నంబరు వేస్తావు, అక్కడితో నీ పని సరి, మా టీమ్ లీడు ప్రసూన గారు బెంగళూరు నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా ఇదే పాట, కాబట్టి వదిలెయ్, పక్క రోగి చార్టుకు పో, పెరట్లో చెంబు తొట్టిలో ముంచిన చప్పుడు, అమ్మ పొద్దు వాలేటప్పటి అసర్ నమాజుకు వజూ చేసుకోబోతోంది, ముందు చేతులు కడుగుతుంది, నోరు పుక్కిలిస్తుంది, ముక్కు, ఆ తర్వాత ముఖం, ముఖం దగ్గరికి వచ్చేసరికి నా వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోతాయి, ఎందుకంటే అది తోసేది అప్పుడే, చేతులు కడిగేటప్పుడు తోయదు, కాళ్ళు కడిగేటప్పుడు తోయదు, సరిగ్గా ముఖం మీద నీళ్ళు పోసుకునేటప్పుడు, వెనక నుంచి, అమ్మ ముందుకు పడుతుంది, మొన్న తొట్టి అంచు తగిలి నుదుటి మీద కుట్లు పడ్డాయి, అవి మానకముందే మళ్ళీ పడి మోచెయ్యి చీరుకుపోయింది, నమాజు చేసుకోనీయనిది షైతాను కాకపోతే ఇంకేమప్పా అని మా నాయన తేల్చేశాడు, పోయి తిప్పేష్ ఆటో మాట్లాడి వచ్చాడు, ఈ సాయంత్రమే, గుట్ట మీది దర్గాలో ఒక చిల్లా, అంటే నలభై రోజులు, మా అమ్మను అక్కడే ఉంచుతారట, చాపా దుప్పటీ కట్టిన మూట వాకిట్లో సిద్ధంగా ఉంది, నేను దాన్ని చూడనట్టు తలుపు దగ్గరికి వేసుకుని అమెరికా ముసలమ్మల రోగాలకు నంబర్లు వేసుకుంటున్నాను.

షైతాను కాదని అమ్మకు తెలుసు, నాకూ తెలుసు, అమ్మ నాకొక్కదానికే చెప్పింది, నేను తల దువ్వుతుంటే, ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా, మీ నాయనకు చెప్పొద్దు మే, నన్ను తోసేది మన ఫరీనే, నేను మొగం కడుక్కుంటాంటే యనక నించి వచ్చి వీపు మింద పడతాండె చూడు, ఆ చేతులే, ఆ బరువే, నాకు తెలీదా, నేను కన్నదాన్ని కాదా, దువ్వెన నా చేతిలోంచి జారిపోయింది, నా చెల్లెలు ఫరీన్ పోయి ఎన్నో ఏళ్ళయింది, నేను డిగ్రీలో ఉన్నప్పుడే, అది వీపు మీద పడేది నిజం, అమ్మ మీదే కాదు నా మీద కూడా, పరీక్షలకు చదువుకుంటుంటే పిల్లిలా వచ్చి కుర్చీని ఒక్క తోపు తోసి పారిపోయేది, తలచుకుంటే ఇప్పటికీ భుజాల మధ్య ఒకచోట చల్లబడుతుంది, అందుకే కుర్చీ తెచ్చి గోడకు ఆనించి వేసుకున్నాను, వెనక ఎవరూ పట్టనంతగా, బీఎస్సీ చదివినదానివి సిగ్గులేదూ అంటే లేదు, భయం ముందు సిగ్గెక్కడిది, మా కోడ్ల పుస్తకంలో అన్నిటికీ నంబర్లున్నాయి, టర్కీ కోడి పొడిస్తే ఒకటి, పూనకం వస్తే ఒకటి, మరో మనిషి తగిలి కింద పడితే ఒకటి, ఆ మరో మనిషి బతికే ఉండాలని ఎక్కడా రాసిలేదు, నేను వెతికాను, పనిమానుకుని నిజంగానే వెతికాను, అమ్మ పడిన ప్రతిసారీ పరుగెత్తుకుపోయి లేపుతాను కదా, నుదుట నెత్తురు కారుతున్నా ఆమె పెదాల మీద ఒక నవ్వుంటుంది, బిడ్డ అల్లరి చేస్తే విసుక్కుంటూ నవ్వే తల్లి నవ్వు, నాకు నెత్తురు చూస్తే భయం లేదు, ఆ నవ్వు చూస్తేనే భయం.

ఇది ముఖంతో మొదలు కాలేదు, కాళ్ళతో మొదలైంది, కిందటి ఎండాకాలం, కాళ్ళ కింద దూది ఉండాది మే, సరిగ్గా ఊడ్చు అంది అమ్మ, మాది పరుపులు కుట్టే ఇల్లు, నాయన జిలాన్ బాషా అంటే నల్లమాడ చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా పరుపూ దిండ్లూ ఆయన కుట్టినవే, ముందు గదిలో దూదేకే మిషను, అది తిరుగుతుంటే ఇల్లంతా దూది, చారులో దూది, కనురెప్పల మీద దూది, ఇలాంటి ఇంట్లో ఒక ఆడమనిషి కాళ్ళ కింద దూది ఉందంటే వినేవాళ్ళు ఏమనుకుంటారు, చీపురు తీసుకుని ఊడ్చాను, మళ్ళీ అంది, మళ్ళీ ఊడ్చి తడిగుడ్డతో తుడిచాను, అప్పటికీ అదే మాటంటే ఎంత శుభ్రం చేసినా నీ కంటికి ఆనదా అని అరిచాను కూడా, నాయన మిషను గదికి గోనెపట్టా తెర కట్టాడు, ఇంట్లో కాదప్పా, బయట బండ మింద నడిచినా పరుపు మింద నడిచినట్లే ఉండాది అని అమ్మ అంటే, పరుపులు కుట్టేవాని పెండ్లానివి, నీకు నేలంతా పరుపేలే అని నాయన నవ్వాడు, నేనూ నవ్వాను, అమ్మా నవ్వింది, ఫరీన్ పోయాక మేం ముగ్గురం కలిసి అంతగా నవ్వింది అదే, ఎంత బాగుండిందో ఆ పూట, తర్వాత అమ్మ గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియక వీధి చివరిదాకా ఒంటి చెప్పుతో పోయి వచ్చింది, పిల్లలు నవ్వారు, ఊళ్ళో సూదులు వేసే ఆయన నరాల బలహీనత అని నొప్పుల మాత్రలిచ్చాడు, మిషను ఇప్పుడు ఆగి ఉంది, గాలి లేదు, అయినా నా లాప్‌టాప్ పక్కన ఒక దూదిపింజె దానంతట అదే జరిగింది, జరిగిందా, నేనే ఊపిరి వదిలానేమో, అటు చూడకు, చార్టు తెరువు.

ముఖం ఇంకా కడగలేదు అమ్మ, గోడ అవతల నుంచి కదిరమ్మత్త పిలిచినట్టుంది, మా రెండిళ్ళకూ ఒకటే గోడ, ఆమెకు మా ఇంటి దగ్గు కూడా లెక్కే, మాబీ, పోతాండారంట కదా, ఆడ పొట్టేలు కోసి కందూరు చేస్తారంట, ఒక్క ముక్కన్నా నోట్లో ఏసుకో, ఎట్లయిపోయినావో చూడు, గాలికి పడిపోయేట్లుండావు అంటోంది, అమ్మ ఏమంటుందో నాకు తెలుసు, నాకొద్దులే అక్కా, సంగటీ ఊరిబిండి పచ్చడీ కట్టుకున్నా అంటుంది, అదే అంది, ఇన్నేళ్ళుగా ఈ జవాబు ఒక్కటే, ఫరీన్‌కు జ్వరం వచ్చినప్పుడు గుడ్డు అడిగింది, ఉడకబెట్టి, మిరియాలపొడి చల్లి, అడిగిందంటే అలా ఇలా కాదు, ఏడ్చి అడిగింది, జ్వరంలో గుడ్డు పెడితే వాతం, పాలు పోస్తే కఫం, మాంసం కూర మాటే ఎత్తకూడదు, పత్యం పత్యమే అని అమ్మ గంజి తాపింది, జ్వరం తగ్గనీ బంగారూ, ఒకటి కాదు రెండు పెడతా అంది, కదిరి ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోతుంటే ఊరు ఇంకా రాకముందే, అమ్మ ఒళ్ళోనే, ఆ రెండు గుడ్లూ అలాగే ఉండిపోయాయి, ఆ రోజు నుంచి అమ్మ గుడ్డు ముట్టలేదు, కూర ముట్టలేదు, పాలూ పెరుగూ మజ్జిగా ఏదీ లేదు, బక్రీదు నాడు ఇంటింటి నుంచీ వచ్చిన కూర వండి మాకు పెట్టి తను సంగటి ముద్ద ముందు పెట్టుకుంటుంది, నాయన బతిమాలాడు, తిట్టాడు, ఒకసారి కంచం విసిరేశాడు, బిడ్డకు పెట్టనిది నా గొంతులోకి ఎట్ల దిగుతాదప్పా అని ఒకటే మాట, ఊరంతా మెచ్చుకుంది, తల్లి అంటే మాబీ అని, నేను కూడా లోపల్లోపల గర్వపడ్డాను, అంత ప్రేమ నామీద కూడా ఉంటే బాగుండునని ఏడ్చాను, చచ్చిపోయినదాన్ని చూసి అసూయపడే అక్కను నేనొక్కదాన్నే ఉంటానేమో ఈ లోకంలో.

చార్టు తెరుచుకుంది, ఒహాయోలో ఎవరో ముసలామె, వయసు ఇంచుమించు మా అమ్మదే, అయితే ముసలామె అనకూడదు, సరే, ఎవరో అమ్మ, ఆమె చెప్పుకున్న బాధ డాక్టరు ఆమె మాటల్లోనే రాశాడు, తలకు షాంపూ పెట్టుకుని కళ్ళు మూసుకుంటే ముందుకు పడిపోతున్నాను, అరికాళ్ళ కింద దూది ఉన్నట్టుంటుంది, దూది, కాటన్ అని రాసుంది, మాటకు మాట అదే, అక్కడ ఈమె ఇంట్లో దూదేకే మిషను ఎక్కడిది, ఈమె మొగుడు పరుపులు కుడతాడా, చదువు నజ్మా, చదువు, ఏళ్ళ తరబడి మాంసం, గుడ్లు, పాలు తీసుకోలేదు, కళ్ళు తెరిచి నిలబడమంటే నిలబడింది, మూసుకోమంటే ఊగి ముందుకు పడబోయింది, బీ ట్వెల్వ్ లోపం, దానివల్ల వెన్నుపాము దెబ్బతింది, ఈమె డాక్టరు అన్నీ రాశాడు, ఒక్క మాట మిగల్చకుండా రాశాడు మహానుభావుడు, రెండు నంబర్లు, ఈ ఫిఫ్టీ త్రీ పాయింట్ ఎయిట్, జీ థర్టీ టూ పాయింట్ జీరో, వెన్నుపాము నంబరు ముందు వేయకూడదు, ముందు కారణం, తర్వాత దాని వల్ల జరిగింది, ఈ నంబర్లు కళ్ళు మూసుకుని వేస్తాను నేను, పొద్దున కూడా వేశాను, నిన్నా వేశాను, కాళ్ళు నేల సంగతి చెప్పడం మానేస్తే ఆ పని కళ్ళు చేస్తాయని, కళ్ళు కూడా మూస్తే ఒంటికి నేల ఎక్కడుందో తెలియదని ట్రైనింగులో పరీక్షకు బట్టీపట్టి నూటికి తొంభై పైన తెచ్చుకున్నాను, గోడకవతల ఆ పాఠమే రోజుకు ఐదు పూటలా ముఖం కడుక్కుంటూ పడిపోతుంటే గాలి సోకిందనుకున్నాను, దీపం కింద చీకటని ఊరికే అనలేదు, ఆగు, తొందరపడకు, నువ్వు డాక్టరువి కాదు, డాక్టరు రాయనిది, ఏ డాక్టరు, కుట్లేసిన ఆయన నుదురే చూశాడు, ఎవరు చూశారు మా అమ్మను, ఎవరు రాస్తారు, ఆలస్యమైన కొద్దీ పోయిన నరం తిరిగి రాదని కూడా చదివావు కదా, నలభై రోజులు ఆమె ఆ గుట్ట మీద సంగటి తింటూ, రాళ్ళ మెట్ల పక్కన, కళ్ళు మూసుకుని ముఖం కడుక్కుంటూ, నేను లేచేశాను, కుర్చీ గోడకు కొట్టుకుంది, ఎవరో తోసినట్టు.

పెరట్లో ఎండ ఇంకా తగ్గలేదు, అమ్మ తొట్టి ముందు నిలబడి కొంగు నడుముకు దోపుకుంటోంది, కదిరమ్మత్త లోపలికి పోయినట్టుంది, రోగం పేరు మన నోటితో చెప్పకూడదు, సందేహం వస్తే డాక్టరును అడగవచ్చు గానీ జవాబు అందించి అడగకూడదు, అది కూడా మా రూలే, మొదటిసారి ఆ రూలు నాకు పనికొచ్చింది, అమ్మా, అది నిన్ను ఎప్పుడు తోస్తాది అని మాత్రమే అడిగాను, మొగం కడిగేటప్పుడు, ఇంకెప్పుడన్నా, మొన్న కరెంటు పోయినప్పుడు చీకట్లో తోసె, నైటీ తల మింద నించి తీస్తాంటే ఒకసారి తోసె, అయితే అమ్మా, ఈసారి కండ్లు మూసుకోకుండా కడుగు, నేను ఈడే ఉంటా, చూద్దాం అన్నాను, అమ్మ చెంబు పట్టుకుని నావైపు చూసింది, అంత నెమ్మదైన చూపు ఆమెలో నేనెప్పుడూ చూడలేదు, కండ్లు తెరుచుకుంటే అది రాదు మే అంది, తెలుసా నీకు, తెలీకేం, ఎన్నిసార్లు చూసినా, తెరుచుకుంటే రాదు, అందుకే గట్టిగా మూసుకుంటాండా, అని నేను ఇంకేమీ అనేలోపే దోసిట్లో నీళ్ళు తీసి ముఖం మీద కొట్టుకుంది, కనురెప్పలు బిగించి, నుదుటి కుట్లు ముడుచుకునేంతగా బిగించి, నేను తొట్టికీ ఆమెకూ మధ్య దూరాను, ఆమె ఊగింది, ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకు, తర్వాత మొత్తం నా మీద పడింది, ఎంత తేలిక అయిపోయింది అమ్మ, తడి ముఖం నా మెడలో, నవ్వు నా మెడకు తగులుతోంది, నేను ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాను, చూడాలనే చూశాను, దండెం మీద నాయన లుంగీ, గోడ, ఎండ, ఎవరూ లేరు, ఎవరూ లేరని తెలిశాక భయం పోవాలి కదా, పోలేదు, ఏడుపు వచ్చింది, ఒక్కసారి కనబడి ఉంటే ఏం పోయిందే నీకు అని ఆ ఖాళీ చోటును తిట్టాను.

అమ్మా, ఇది జబ్బు, దూది కూడా జబ్బే, మనింటి దూది కాదు అది, నువ్వు ఏండ్లుగా పాలూ గుడ్డూ కూరా మానేసినావు చూడు, అందుకే నరాలు ఎండిపోతాండాయి, కదిరికి పోయి రక్తం ఇస్తే తేలిపోతాది, నేను అనుకున్నదే అయితే సూదులేస్తారు, సూది ఏస్తే పోతాదమ్మా అన్నాను, ఆమెను అలాగే పట్టుకుని, అమ్మ కళ్ళు తెరిచింది, రెప్పల మీద నీళ్ళు, ఏది పోతాది అని అడిగింది, జబ్బు అనాలి, ఆ ఒక్క మాటకు ఇంత బరువుంటుందని తెలియదు, మళ్ళీ అడిగింది, చెప్పు మే, ఏది పోతాది, జబ్బా, అదా, వాకిట్లో ఆటో హారను, నాయన గొంతు, మూట యాడ పెట్టినారు, పొద్దు పోతాండాది, రాండి అని, పెరటి గడప దగ్గరికి వచ్చి మమ్మల్ని అలా చూసి ఆగిపోయాడు, మళ్ళీ పడిందా అన్నాడు, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు, దాన్ని పట్టినది ఆడ వదిలిపెడతాదిలే బిడ్డా, ఏడ్వొద్దు అన్నాడు, దర్గాకు రేపు పోదాం నాయనా, మొక్కు ఎక్కడికీ పోదు, ఆటోను ముందు కదిరికి తిప్పమను అన్నాను, నా గొంతు నాదిలా లేదు, నాయన అమ్మ నుదుటి కుట్ల వైపు చూసి, తిప్పేష్‌తో చెప్పడానికి పోయాడు, అమ్మ మాత్రం కదల్లేదు, తొట్టి అంచు పట్టుకుంది, వేళ్ళు తెల్లబడేలా, నేను రాను అంది, సూది ఏయించుకుంటే అది ఒంటిదైపోతాది, నాకు నడక వద్దు, ఏమొద్దు, దాన్ని ఒకసారి పత్యమని ఏడిపిచ్చినా, మళ్ళా ఏడిపిచ్చను.

పట్టినది అన్నాడు నాయన, ఊరంతా అదే అంటుంది, మాబీని పట్టింది అని, ఆ వేళ్ళు చూస్తుంటే, తొట్టిని పట్టుకున్న ఆ వేళ్ళు, కదిరి దారిలో ఆటోలో ఇవే వేళ్ళు, ఫరీన్ అప్పటికే పోయింది, నేను పక్కన కూర్చుని చూస్తూనే ఉన్నాను, ఆసుపత్రి గేటు దగ్గర నర్సు వచ్చి బిడ్డను ఇవ్వమ్మా అంటే ఈ వేళ్ళు విడిపోలేదు, ఇద్దరు మనుషులు ఒక్కొక్క వేలూ తీయాల్సి వచ్చింది, తీశామనుకున్నాం, ఇంటికి తెచ్చి, స్నానం చేయించి, మట్టి వేసి వచ్చి, అయిపోయిందనుకున్నాం, ఎవరూ ఏదీ తీయలేదు, గుడ్డు ముట్టని నోరు పట్టుకునే ఉంది, గట్టిగా మూసుకున్న కళ్ళు పట్టుకునే ఉన్నాయి, మొద్దుబారిపోతున్న కాళ్ళు పట్టుకునే ఉన్నాయి, చనిపోయిందమ్మా ఫరీన్, నేను ఆ మాట పైకే అన్నాను, ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఆ పేరుతో కలిపి అనలేదు, పోయింది అన్నాం, లేదు అన్నాం, అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను, కొట్టలేదు, తొట్టి అంచు మీద ఆమె చూపుడువేలిని నేను పట్టుకున్నాను, చల్లగా ఉంది, మెల్లగా పైకి లేపాను, బలం పెట్టి ఆపింది, ఆగాను, మళ్ళీ లేపాను, ఇప్పుడు తెలుస్తోంది నాకు, ఫరీన్ మా అమ్మను పట్టలేదు, మా అమ్మే ఫరీన్‌ను పట్టుకుని ఉంది, అది పోలేకపోతోంది, విడిపించాల్సింది నా చెల్లెల్ని, మా అమ్మ చేతుల్లోంచి, ఒక్కొక్క వేలే, ఆ పని చేయడానికి ఈ ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.